నల్లా నీళ్లు మురుగు వాసన వస్తుంటే కాచి తాగితే చాలా?

అమ్మా, మీ ప్రశ్న చదివాను. హనుమకొండలో మీ వీధికి వానలు మొదలైనప్పటి నుంచి నల్లా నీళ్లు పసుపు రంగులో, మురుగు వాసనతో వస్తున్నాయి. ఇంట్లో ఏడు నెలల పాప, 68 ఏళ్ల అత్తగారు ఉన్నారు. కాచి తాగితే సరిపోతుందా, పళ్లు తోముకోవడానికీ కూరగాయలు కడగడానికీ ఆ నీళ్లు పనికివస్తాయా అని అడిగారు. మీ నీళ్లను కళ్లముందే గోధుమ రంగు బురదగా మార్చి చూపించిన మనిషి దగ్గర నీటిని శుద్ధి చేసే ఆర్.ఓ. యంత్రం కొనాలా అని కూడా అడిగారు.

నేను మంచినీటి సరఫరాలో 26 ఏళ్లు పనిచేసి ఉద్యోగ విరమణ చేశాను. అందులో సగానికి పైగా కాలం వీధివీధికీ తిరిగి నీటి నమూనాలు పట్టడం, పరీక్షించడమే నా పని. ఆ అనుభవంతో చెబుతున్నాను.

మురుగు వాసన వస్తున్నన్ని రోజులు ఆ నీళ్లను తాగడానికి గానీ వంటకు గానీ వాడకండి. కాచి కూడా వద్దు. వాసన లేని మరో వీధి నల్లా నుంచో, మునిసిపల్ ట్యాంకరు నుంచో తాగడానికీ వంటకూ సరిపడా నీళ్లు తెచ్చుకోండి. తెచ్చిన ఆ నీళ్లను కూడా కాచే తాగండి. మీ నల్లాలో వాసన పోయిన తర్వాత కూడా కనీసం నెల రోజులు కాచినవే తాగండి. యంత్రం ఇప్పుడు కొనకండి, దాని సంగతి కింద రాస్తాను.

కాచితే సూక్ష్మజీవులు చస్తాయి. టైఫాయిడ్, కలరా తెచ్చే బ్యాక్టీరియా, కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లు, అమీబా, ఇవేవీ సలసల మరిగే నీళ్లలో బతకవు. అయినా వాసన నీళ్లు వద్దంటున్నాను. ఎందుకంటే మురుగు కాలువలో పారేది మలమూత్రాలు మాత్రమే కాదు. బట్టల సబ్బు, మరుగుదొడ్లు కడిగే యాసిడ్, బండ్లు బాగుచేసే షెడ్ల నుంచి వచ్చే నూనె, దోమల మందు అన్నీ అందులోనే కలుస్తాయి. వాటిలో చాలా మటుకు కాచినా పోవు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీటిలో ఇంకా చిక్కబడతాయి.

ఈ సంగతి నాకు జీవితంలో మరిచిపోలేనంతగా తెలిసింది జనగామ వైపు ఒక పల్లెలో. ఒక పెద్దావిడ మనవళ్ల మీద ప్రేమతో బోరు నీళ్లను రోజూ పొయ్యి మీద సగానికి సగం మరిగించి, అవే తాగించేది. ఎంత మరిగిస్తే అంత శుద్ధి అని ఆమె నమ్మకం. ఆ బోరులో ఫ్లోరైడ్ ఎక్కువ. మన ప్రాంతంలో భూమి కింద ఉన్నది గ్రానైటు రాయి, చాలా బోర్లలోకి ఫ్లోరైడ్ ఆ రాతి నుంచే దిగుతుంది. తాగే నీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, మరో దిక్కు లేనిచోట 1.5 వరకు సర్దుకోవచ్చు అని భారతీయ ప్రమాణాలు చెబుతాయి. సగానికి మరిగించినప్పుడు నీరు సగం పోతుంది, ఫ్లోరైడ్ అంతా మిగులుతుంది. అంటే లీటరుకు రెట్టింపు అవుతుంది. ఆ పిల్లల పళ్ల మీద గోధుమ చారలు చూసి నేను ఆమెకు ఎలా చెప్పాలో తెలియక కాసేపు అరుగు మీద కూర్చుండిపోయాను. అందుకే మీ ఇంట్లో బోరు ఉన్నా, నల్లా బాగాలేదు కదా అని పరీక్ష చేయించకుండా దానికి మారిపోకండి. సెప్టిక్ ట్యాంకు పక్కనే ఉన్న బోరైతే నైట్రేట్ కూడా ఉండవచ్చు. దాని హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. ఆరు నెలల లోపు పోతపాల పిల్లలకు ఆ నీళ్లతో పాలు కలిపితే ఒళ్లు నీలంగా మారి ప్రాణం మీదికి రావచ్చు.

ఇప్పుడు కాచే పద్ధతి. తెచ్చిన నీళ్లు మసకగా ఉంటే ముందు కొన్ని గంటలు కదపకుండా ఉంచి, పైనున్న తేట నీటిని నాలుగు మడతల పాత నూలు చీర గుడ్డలో వడకట్టండి. పటిక తిప్పినా, మన అమ్మమ్మలు చేసినట్టు చిల్లగింజ అరగదీసి కలిపినా మట్టి త్వరగా అడుక్కి దిగుతుంది. అయితే ఇవన్నీ నీటిని తేటపరిచే పనులే, క్రిములను చంపే పనులు కావు. తేటగా ఉన్న నీటిలోనే నేను ఎన్నోసార్లు మలంలో ఉండే బ్యాక్టీరియాను చూశాను.

తర్వాత మంట మీద పెట్టి, పెద్ద బుడగలు పైకి లేచి నీళ్లంతా కళపెళమని మరిగేదాకా ఆగండి. అలా మరగడం మొదలయ్యాక ఒక్క నిమిషం చాలు. చాలామంది గిన్నె అడుగున చిన్న బుడగలు రాగానే లెక్క మొదలుపెడతారు, అందుకని నేను మూడు నిమిషాలు అని చెబుతుంటాను. ఇరవై నిమిషాలు మరిగించనక్కర్లేదు, గ్యాసు దండగ. గోరువెచ్చగా చేసి దించేయడం మాత్రం అసలు కాచనట్టే.

కాచిన నీళ్లను కాచిన గిన్నెలోనే మూతపెట్టి చల్లారనివ్వండి. త్వరగా చల్లారాలని పచ్చి నీళ్లు కలపడం, ఐసు వేయడం చేయకండి. రాత్రి పడుకునే ముందు కాచి ఉంచితే పొద్దునకు చల్లబడతాయి. ఆ తర్వాతే అసలు జాగ్రత్త మొదలవుతుంది. కాచిన నీటిలో క్లోరిన్ వంటి కాపలా ఏదీ ఉండదు. వేళ్లు తగిలిన ఒక్క గ్లాసు ముంచితే అది మళ్లీ పచ్చి నీళ్లతో సమానం. అడుగున చిన్న కొళాయి ఉన్న స్టీలు పాత్ర ఒకటి కొనుక్కోండి. లేకపోతే పొడవైన కాడ ఉన్న గరిటె ఒకటి నీళ్లకే కేటాయించి, గోడకు తగిలించండి. కాచిన నీళ్లు ఒక రోజుకు మించి నిల్వ ఉంచకండి. పాత్రను రోజూ సబ్బుతో కడిగి, వేడినీళ్లతో తొలిచి, బోర్లించి ఆరబెట్టండి.

ఇక అందరూ మరిచిపోయేది ఒకటి ఉంది. నా ఇంట్లోనే జరిగింది కాబట్టి రాస్తున్నాను. చాలా ఏళ్ల కిందట మా అబ్బాయికి నాలుగేళ్లప్పుడు, మా వీధిలో నీళ్లు చెడిపోయాయి. నేను ఈ ఉద్యోగంలోనే ఉన్నాను, ఇంట్లో కాచని నీళ్ల చుక్క తాగనిచ్చేవాడిని కాదు. అయినా పిల్లవాడికి రక్త విరేచనాలు పట్టుకుని, ఐదు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఎక్కడి నుంచి వచ్చిందో వెతికితే, మజ్జిగ. పెరుగు చిలికి నల్లా నీళ్లతోనే పలచన చేస్తున్నాం. తాగే నీళ్లు కాచడమే గుర్తుంది గానీ మజ్జిగలో ఉన్నదీ తాగే నీళ్లేనన్న ఆలోచన నాకూ రాలేదు, మా ఆవిడకూ రాలేదు.

పొయ్యి ఎక్కకుండా నోట్లోకి వెళ్లే ప్రతి నీటి బొట్టూ కాచినదే కావాలి. మజ్జిగ, నిమ్మరసం, పచ్చి పులుసు, రోటి పచ్చడిలో పోసే నీళ్లు, మాత్ర మింగే నీళ్లు, పూజలో తీర్థం, అన్నీ. పచ్చి పులుసును ప్రత్యేకంగా గుర్తు చేస్తున్నాను. చింతపండు పులుపుకు క్రిములు చస్తాయని కొందరు అనుకుంటారు, ఆ పులుపు సరిపోదు. అన్నం, పప్పు, కూర ఎలాగూ పొయ్యి మీద ఉడుకుతాయి, వాటికి ముందే కాచిన నీళ్లు అక్కర్లేదు. తెచ్చిన మంచి నీళ్లు నేరుగా పోసుకోవచ్చు.

పళ్లు తోముకోవడానికి, పుక్కిలించడానికి కాచినవే వాడండి. పచ్చిగా తినే కీర, ఉల్లి, టమాటా, కొత్తిమీర, పండ్లు కాచి చల్లార్చిన నీళ్లతో కడగండి. ఉడికించే కూరగాయలు వాసన లేని మామూలు నీళ్లతో కడిగితే చాలు. గిన్నెలు తోమిన తర్వాత చివరి తొలుపు మంచి నీళ్లతో చేసి, తడి పూర్తిగా ఆరనివ్వండి. పెద్దవాళ్లు నోట్లోకి పోకుండా స్నానం చేయవచ్చు, కానీ వాసన వచ్చే నీళ్లతో వద్దు. పాపకు మాత్రం టబ్బు స్నానం ఆపేసి, కాచి చల్లార్చిన నీళ్లలో గుడ్డ ముంచి ఒళ్లు తుడవండి. ఏడు నెలల పిల్లలు తడి చేతినీ తడి గుడ్డనూ దేన్నైనా నోట్లో పెట్టుకుంటారు. పాప ఉగ్గుగిన్నె, చెంచా రోజూ ఒకసారి నీళ్లలో వేసి మరిగించండి. తల్లిపాలు ఇస్తున్నట్లయితే ఎట్టి పరిస్థితిలోనూ మానకండి.

కాచడానికి వీలు లేనప్పుడు క్లోరిన్ బిళ్లలు పనికివస్తాయి. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. ఆ వరదల రోజుల్లో కరెంటు లేక, గ్యాసు లేక ఉన్న ఇళ్లకు నేనూ కొందరితో కలిసి బిళ్లలు పట్టుకెళ్లాను. ఆశా కార్యకర్తను గానీ దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గానీ అడగండి. ఏ బిళ్ల ఎన్ని లీటర్లకు అన్నది పొట్లం మీదే ఉంటుంది, బిళ్లకూ బిళ్లకూ తేడా ఉంటుంది కాబట్టి చదివి వేయండి. వేసి కలిపి అరగంట ఆగాలి. ఆ అరగంట ఆగకుండా తాగేవాళ్లే ఎక్కువ. నీళ్లు బురదగా ఉంటే బిళ్ల బలమంతా బురదకే సరిపోతుంది, అందుకే ముందు తేటపరచాలి. క్లోరిన్‌కు లొంగని పరాన్నజీవులు కొన్ని ఉన్నాయి కాబట్టి పాపకు మాత్రం కాచినవే మేలు.

ఆర్.ఓ. అమ్మడానికి వచ్చిన మనిషి సంగతి. రెండు గ్లాసుల్లో ఇనుప కడ్డీలు ముంచి కరెంటు పెట్టి ఉంటాడు. మీ నల్లా నీళ్లు గోధుమ రంగు బురదగా మారాయి, అతని యంత్రం నీళ్లు తేటగానే ఉన్నాయి. అంతే కదా? ఆ బురద మీ నీళ్లలోది కాదమ్మా, ఆ ఇనుప కడ్డీలే కరిగి తుప్పుగా మారిన రంగు అది. నీళ్లలో సహజంగా ఉండే లవణాల గుండా కరెంటు పారుతుంది, ఇనుము కరుగుతుంది. ఆర్.ఓ. నీళ్లలో లవణాలు చాలా తక్కువ కాబట్టి కరెంటు పెద్దగా పారదు, రంగు రాదు. ఎంత శుభ్రమైన నల్లా నీళ్లతో చేసినా అదే రంగు వస్తుంది. భయపడి ఉన్న తల్లుల ముందు ఈ ఆట ఆడటం చూస్తే నాకు ఇప్పటికీ కోపం ఆగదు. అతని చేతిలోని టి.డి.ఎస్. మీటరు కూడా అంతే. అది నీటిలో కరిగిన లవణాలను (టి.డి.ఎస్. అంటే అవే) అంచనా వేస్తుంది, క్రిములు ఉన్నాయో లేదో దానికి తెలియదు. టైఫాయిడ్ బ్యాక్టీరియా నిండిన నీళ్లకు కూడా అది మంచి అంకె చూపించగలదు.

వరంగల్ నగరానికి ధర్మసాగరం, వడ్డేపల్లి వంటి చెరువుల్లో నిల్వచేసిన నీరు శుద్ధి అయి వస్తుంది. చెరువు, నది నీళ్లలో సాధారణంగా లవణాలు తక్కువ. టి.డి.ఎస్. లీటరుకు 500 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఉన్నచోట ఆర్.ఓ. వాడకాన్ని ఆపాలని 2019లో జాతీయ హరిత ట్రైబ్యునల్ కూడా చెప్పింది. నల్లా నీళ్లకు తర్వాత ఎప్పుడైనా యంత్రం పెట్టుకోవాలనుకుంటే మంచి వడపోత, దాని వెనుక క్రిములను చంపే యు.వి. (అతినీలలోహిత కాంతి) దీపం ఉన్నది చాలు. బోరు నీళ్లే గతి అయి, పరీక్షలో ఫ్లోరైడ్ ఎక్కువని తేలితే అప్పుడు ఆర్.ఓ. అవసరం. కానీ బురద నీళ్లలో యు.వి. కాంతి లోపలికి చేరదు, మురుగు నీళ్లకు ఆర్.ఓ. పొర త్వరగా పాడవుతుంది. కాబట్టి ఇప్పటి మీ కష్టానికి ఈ రెండూ మందు కావు. ఇరవై లీటర్ల డబ్బా నీళ్ల గురించీ ఒక మాట. లోపలి నీళ్లు బాగున్నా, చేతులు మారే ఆ డబ్బాను ఎవరు ఎలా కడిగారో మీకు తెలియదు. మలం కలిస్తే నల్లబడే పరీక్ష సీసాలో డబ్బా నీళ్లు పోసి, మర్నాటికి సీసా నల్లబడటం నేను చూశాను. పాపకు, అత్తగారికి ఆ నీళ్లు కూడా కాచే ఇవ్వండి.

ఇంతకీ మురుగు మీ నల్లాలోకి ఎలా వచ్చింది? ఇది అర్థమైతేనే బాగుచేయించగలరు. మన దగ్గర నీళ్లు రోజంతా రావు. వదిలిన గంటసేపే గొట్టంలో ఒత్తిడి ఉంటుంది. మిగతా సమయమంతా గొట్టం ఖాళీ. ఇళ్లలోకి వెళ్లే సన్న గొట్టాలు చాలాచోట్ల మురుగు కాలువ అడ్డంగా దాటుతాయి. వానకు కాలువ నిండితే గొట్టం మురుగులో మునుగుతుంది. సూదిమొన అంత చిల్లు ఉన్నా ఖాళీ గొట్టంలోకి మురుగు దిగుతుంది. దానికి తోడు నల్లాకే నేరుగా మోటారు బిగిస్తారు. మోటారు నీళ్లను మాత్రమే లాగదు, చిల్లు ఎక్కడుంటే అక్కడి నుంచి మురుగును కూడా లాగుతుంది.

ఒక వీధిలో పక్కపక్క నాలుగు ఇళ్లలో కామెర్లు వచ్చాయని మేము వెళ్లాం. నాలుగు ఇళ్ల గొట్టాలూ కొత్తవే, చిల్లు లేదు. రెండు రోజులు ఏమీ దొరకలేదు. మూడో రోజు నీళ్లు వదిలే ముందు అన్ని మోటార్లూ ఆపించి, కాలువలో నీరు తోడించి చూస్తే, ఎవరూ లెక్కలోకి తీసుకోని ఒక ఇనుప గొట్టం కనిపించింది. రెండేళ్లుగా తాళం వేసి ఉన్న ఇంటిది. తుప్పు పట్టి వేలు దూరేంత రంధ్రం. వీధిలో మోటార్లు ఆడినప్పుడల్లా దాని గుండా మురుగు పెద్ద గొట్టంలోకి వెళ్తోంది. ఆ ఒక్క గొట్టాన్ని పెద్ద గొట్టంతో కలిసే చోటే తెంపి బిరడా వేస్తే వీధి కుదుటపడింది.

కాబట్టి మీరు చేయవలసింది ఇది. ఇరుగుపొరుగును అడిగి, ఎవరెవరికి వాసన వస్తోందో ఇంటి నంబర్లతో రాసుకోండి. ఎక్కడి నుంచి మొదలై ఎక్కడ ఆగుతోందో ఆ చిట్టాలోనే తెలిసిపోతుంది. మీ వీధిలో వాడుకలో లేని కనెక్షన్లు ఏవైనా ఉన్నాయా చూడండి. నీళ్లు వచ్చే వేళతో సహా మునిసిపల్ కార్పొరేషన్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి. వచ్చిన సిబ్బందిని క్లోరోస్కోపుతో, అంటే నీటిలో మిగిలిన క్లోరిన్‌ను చూపే చిన్న పరికరంతో, మీ ముందే పరీక్షించమని అడగండి. నీళ్లలో మందు చుక్కలు వేస్తే పసుపు రంగు తేలాలి. వీధి చివరి నల్లాలో కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. రంగు అసలు రాలేదంటే, దారిలో కలిసిన మురుగు ఆ క్లోరిన్‌ను తినేసి ఉండవచ్చు. నల్లా గుంత రోడ్డు మట్టానికి కింద ఉంటే పైకి ఎత్తించండి. మోటారు నల్లాకు కాకుండా సంపులోంచి లాగేటట్టు మార్పించండి, పక్కింటివాళ్లకూ నచ్చజెప్పండి.

ఆరోగ్యం విషయంలో కొన్ని గుర్తులు. విరేచనాలు మొదలైతే వెంటనే ఓ.ఆర్.ఎస్. ఇవ్వాలి. లీటరు పొట్లమైతే మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలోనే కలపాలి. సగం పొట్లం ఒక గ్లాసులో కలిపి పసిపిల్లలకు పడితే ఒంట్లో ఉప్పు పెరిగి ప్రమాదం. పండ్ల రుచులతో వచ్చే తియ్యటి పానీయాలు ఓ.ఆర్.ఎస్.కు బదులు కావు. పాప ఆరు గంటలుగా మూత్రం పోయకపోయినా, కళ్లు లోపలికి పోయినా, మగతగా ఉన్నా, పాలు తాగకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా ఇంట్లో వైద్యం ఆపి ఆసుపత్రికి వెళ్లండి, 108కి ఫోను చేయండి. అత్తగారు బీపీ, చక్కెర మాత్రలు వాడుతుంటే నాలుగైదు విరేచనాలకే డాక్టరును కలవాలి. ఇప్పటికే ఆ నీళ్లు తాగి ఉంటే రెండు నెలల వరకు గమనిస్తూ ఉండండి. టైఫాయిడ్ సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాలకు, కామెర్లు కొన్నిసార్లు రెండు నెలలకు బయటపడతాయి. మీ ఇంట్లో గానీ పక్కింట్లో గానీ గర్భిణి ఉంటే ఇంకా జాగ్రత్త. హెపటైటిస్ ఇ నెలలు నిండుతున్న గర్భిణుల ప్రాణం తీయగలదు.

లైను బాగుపడ్డాక సంపునూ పై ట్యాంకునూ శుభ్రం చేయకపోతే పాత మురుగే మళ్లీ తాగుతారు. మోటారు కరెంటు ఆపి, సంపు మూత చాలాసేపు తెరిచి గాలి ఆడనిచ్చి, బయట ఒక మనిషిని నిలబెట్టి మాత్రమే లోపలికి దిగనివ్వండి. మూసిన సంపులో విషవాయువుకు ప్రాణాలు పోతాయి. అడుగు, గోడలు తోమి మురికి బయటికి తోడించాక నీళ్లు నింపి, వెయ్యి లీటర్లకు 150 గ్రాముల లెక్కన తాజా బ్లీచింగ్ పౌడర్‌ను బకెట్టులో కలిపి, పైన తేరిన నీటిని పోయండి. ఇంట్లోని కొళాయిలన్నీ ఆ వాసన వచ్చేదాకా తిప్పి మూసేయండి. 24 గంటలు ఉంచి మొత్తం వదిలేసి, మళ్లీ నింపుకోండి. ఆ పని చేసేటప్పుడు మరుగుదొడ్డి యాసిడ్ దగ్గరికి కూడా తేవద్దు, రెండూ కలిస్తే వచ్చే వాయువు ఊపిరితిత్తులను కాల్చేస్తుంది.

ఆ తర్వాత వరుసగా మూడు నాలుగుసార్లు నీళ్లు వాసన లేకుండా, క్లోరోస్కోపులో పసుపు రంగుతో వచ్చాయంటే లైను కుదుటపడినట్టే. అప్పటి నుంచి నెల లెక్కపెట్టి మీ పెద్దవాళ్ల వరకు కాచడం ఆపవచ్చు. పాపకు ఏడాది నిండేదాకా కాచినవే ఇవ్వండి. వానాకాలంలో అత్తగారికి కూడా.